పోకో ఆ పోకో

సొసైటీ సెక్రటరీ బైరి ఓదేలు తెల్లకాగితం ఇచ్చిండు,
పోయొచ్చిన ఊరి ముచ్చట ఒక పేజీ రాసియ్యమని.
ఖర్చులు వేరే కాగితం మీద.

కొత్తవాడ. పొద్దుగూకింది. కరెంటు లేదు.
కాళ్ళు గుంటల దించి కూసున్న,
పడుగు మీద కాగితం పరిచి.
ఏం రాయాలె?

లాపాజ్‌ల తెల్లారంగ దిగినమని రాయాలె.
విమానం మెట్లు పద్నాలుగు.
పన్నెండో మెట్టు కాడ గాలి ఒడిసిపోయిందని రాయాల్నా?
సీస అడుగున మిగిలిన నూనె ఉంటది సూడు,
గంతే గాలి.
గోవిందరాజుల గుట్టనే ఎత్తనుకున్నదాన్ని,
ముప్పై ఏండ్లు మోకాళ్ళు నేల కింద పెట్టి బతికినదాన్ని,
తీస్కపోయి మబ్బుల మీద దించిన్రు.

సంచిల చుడువ పాకిట్ ఉబ్బి బంతైంది.
నా తలకాయ గూడ.

ఆ రోజు ఏం జూసినవని అడగకున్రి.
ఒక తెల్లగోడ. గోడకు మేకు. మేకుకు ఏం లేదు.
గుండె మాత్రం పంజా కొట్టినట్టు కొట్టింది,
పోగు లేకుంటనే.

లాడ్జి పెద్దామె పేరు ఎలోదియా,
రెండు జడలు, నెత్తి మీద చిన్న టోపీ
(అది జారకుంట ఎట్ల నిలుస్తదో ఇప్పటికీ తెల్వదు)
గ్లాసు నా చేతిల పెట్టి "ఆగ్వా" అన్నది.
ఆగవా, అన్నట్టు ఇనబడ్డది.
ఆగిన తల్లీ, ఇంకేడికి పోత, అన్న.
మెట్లెక్కబోతుంటె మళ్ళ ఎనక నుంచి
"పోకో ఆ పోకో."

పోకు. ఆ, పోకు.

మా ఇంట్ల ఎవ్వరూ అనలే ఆ మాట.
పో, మళ్ళ రాదు ఛాన్సు, అన్నోళ్ళే అందరు.
మూడు విమానాలు మారినంక దొరికింది
నన్ను పోవద్దన్న మనిషి.
మెట్ల మీదనే కూసొని ఏడ్చిన.
ఆ ఎత్తుల గట్లనే అయితదని డాక్టరు చెప్పిండు.
కావచ్చు.

బియ్యం పెడితె గంటన్నరకు గూడ మెతుకు నడుమ పలుకు.
నీళ్ళు మసులుతయి గానీ కాలయి,
ఉత్తగ కోపం నటించే మామ లెక్క.
ఏదో ఆకు చాయ పోసిన్రు, ఎండుగడ్డి వాసన. తాగిన.

మూడో రోజనుకుంట, కిటికీ తీసిన.
ఊరంత గిన్నెల పోసినట్టు కింద,
గిన్నె అంచుల దాంక ఎర్రిటుక ఇండ్లు.
పైన తీగెల మీద పెట్టెలు, మనుషుల మోస్కుంట
ఈ గుట్ట కెల్లి ఆ గుట్టకు, ఆ గుట్ట కెల్లి ఈ గుట్టకు.
నాడె! అని ఒర్లిన, అర్రల ఒక్కదాన్నే.
ఎవడో ఆకాశంల జంపఖానా నేస్తున్నడు,
రంగు ఇంకా తేల్చుకోలె.

సంతల ఒకామె నేల మీద కూసొని
నడుముకు పడుగు కట్టుకొని నేస్తున్నది.
మగ్గం లేదు. ఆమెనే మగ్గం.
ఎనకకు ఒరిగితె బిగుస్తది,
ఊపిరిడిస్తె వదులైతది.
పక్కన కూసొని పోగులు లెక్కవెట్టిన, నా భాషల.
ఆమె ఆమె భాషల.
ఇరవై నాలుగు కాడ ఇద్దరం ఒక్కసారే ఆగినం.
తప్పు పోగు.
నవ్వింది. ఒక పన్ను బంగారం.

ఆ మాటకు అర్థం కొంచెం కొంచెంగ అని
తిరుగు విమానంల పుస్తకంల చూసిన.
చూడకుంటె బాగుండు.

వరంగల్ స్టేషన్ల రైలు దిగంగనే
గాలి నోట్లెకు గటక లెక్క వచ్చింది,
చిక్కగ, వెచ్చగ, దుమ్ముతోటి, పత్తి నూగుతోటి.
రెండు రోజులు మింగుడు పడలే.
ఇన్నేండ్లు మోసినంక తెలిసింది
గాలికి బరువుంటదని.

కరెంటొచ్చింది.
పక్క గుంటల మా అక్కబిడ్డ నవత, కొత్త చెయ్యి,
పోగులు తెగేటట్టు దబదబ పంజా కొడుతున్నది.
పోకో ఆ పోకో, అన్న.
నేనేడికి పోతున్న చిన్నమ్మా, అన్నది.

కాగితం మీద రాసిన:
ఊరు బాగున్నది. ఎత్తుల ఉన్నది.
అన్నం ఉడకది.

కింద సంతకం పెట్టిన.